బరువు లాగు డీజిలు బండికి జంట టర్బోలు అవసరమా?

కొలిమిలో వేడిమి బొగ్గువలన కలుగునా, తిత్తివలన కలుగునా అని కమ్మరిని అడిగినచో అతడు నవ్వి ఊరకుండును. బొగ్గు ఎక్కువై గాలి చాలనినాడు పొగ వచ్చును; గాలి ఎక్కువై బొగ్గు చాలనినాడు తిత్తి లాగిన శ్రమ వృథా యగును. డీజిలు ఇంజను కథయు ఇంతే. ఇందు సాధారణముగా గాలికి అడ్డుతలుపు పెట్టి శక్తిని తగ్గింపరు. డ్రైవరు కాలితో హెచ్చించునది నూనె మాత్రమే. నూనెకు తగిన గాలి అందినంత సేపు బండి బరువు లాగును. అందనినాడు నల్లని పొగయు, దానికంటె ప్రమాదకరమైన వేడియు మిగులును.

అమెరికాలో పికప్ ట్రక్కుల వెనుక ఇళ్లవంటి ట్రెయిలర్లను తగిలించుకొని పర్వతములు దాటు గృహస్థులు అనేకులు కలరు. వారిలో పలువురు ఇంజనుకు కొంచెము నూనె హెచ్చించి అరువదియో ఎనుబదియో అశ్వశక్తులు అదనముగా రాబట్టుకొందురు. అంతట వారికి ఒక సందేహము పుట్టును: ఉన్న ఒక్క టర్బోచార్జరు చాలునా, రెండింటిని అమర్చవలెనా? ఖర్చు తక్కువది కాదు. పొరపడినచో ఇంజనే పోవచ్చును. ఈ ప్రశ్నకు గత శతాబ్దపు చరిత్రలో సమాధానము చాలవరకు దొరకునని మా అభిప్రాయము.

స్విట్జర్లాండులోని వింటర్‌తూర్ నగరమున 1879లో జన్మించిన ఆల్ఫ్రెడ్ బ్యూకి అను ఇంజనీరు, పొగగొట్టము గుండా వృథాగా పోవు వేడివాయువులను చూచి ఊరకుండలేకపోయెను. ఆ వాయువుల త్రోవలో ఒక చక్రమును, అదే ఇరుసు రెండవ కొనయందు మరియొక చక్రమును పెట్టినచో, మొదటిది తిరుగుచు రెండవదానిచేత గాలిని ఇంజనులోనికి త్రోయించునని ఆయన ఊహించెను. 1905లో పేటెంటు పొందెను. ఊహ పొందుట ఒక ఎత్తు, అంత వేడికి తాళు లోహమును సంపాదించుట మరియొక ఎత్తు. ఇరువది ఏండ్ల తరువాతగాని అది ఓడలలో నెగ్గలేదు. ‘ప్రాయిసెన్’, ‘హాన్సెస్టాట్ డాన్జిగ్’ అను రెండు జర్మను ప్రయాణికుల ఓడలలో, 1,750 అశ్వశక్తుల డీజిలు ఇంజనులు ఈ సాధనముతో 2,500 అశ్వశక్తుల నిచ్చినవి.

ఈ నడుమనే అమెరికాలో మరియొక పరీక్ష జరిగినది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన శాన్‌ఫర్డ్ మాస్, 1918లో ఒక లిబర్టీ విమానపు ఇంజనును కొలరాడో రాష్ట్రమందలి పైక్స్ పీక్ శిఖరమునకు, ఇంచుమించు 14,000 అడుగుల ఎత్తునకు, మోయించుకొని పోయెను. సముద్రమట్టమున 350 అశ్వశక్తుల ఇంజను అచ్చట పలుచని గాలిలో 230కి దిగజారినది. టర్బో తగిలింపగా 356కు లేచినది. ఇది పెట్రోలు ఇంజనే యైనను, ఎత్తున గాలి కరవును తీర్చుట టర్బోకు సహజధర్మమని లోకమునకు తెలిసినది ఆ కొండమీదనే.

రెండవ ప్రపంచయుద్ధమున బి-17 వంటి విమానములలో ఒక అడుగు ముందుకు వేసిరి. టర్బో త్రోసిన గాలిని నడుమ చల్లార్చి, ఇంజనే పండ్లచక్రములతో త్రిప్పు రెండవ పంకాకు అందించిరి. ఒక తిత్తి మరియొక తిత్తి నోటిలోనికి ఊదుట యన్నమాట. నేటి జంట టర్బోల మర్మమంతయు ఇందే ఉన్నది. మొదటిది గాలి ఒత్తిడిని రెండింతలు చేసి, రెండవది మరల రెండింతలు చేసినచో, మొత్తము నాలుగింతలగును. కూడిక కాదు, గుణకారము. ఒక్క టర్బోయే నాలుగింతలు చేయవలెనన్న, నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగు ఆ చిన్న చక్రము తన శక్తికి అంచున నిలువవలసివచ్చును.

ట్రక్కుల సంగతికి వత్తము. టర్బో కలిగిన తొలి డీజిలు ట్రక్కును 1938లో స్విస్ సంస్థయైన సౌరర్ చేసినది. 1954లో వోల్వో సంస్థ టర్బోతో 150 అశ్వశక్తులను 185 చేసినది. ఆ నడుమ 1952లో కమ్మిన్స్ వారి టర్బో డీజిలు కారు ఇండియానాపొలిస్ పందెమున అందరికంటె ముందు స్థానము సంపాదించి, 71 చుట్ల తరువాత టర్బో నోటిలో టైర్ల రబ్బరు తుక్కు చేరి ఆగిపోయినది. గాలి పీల్చు యంత్రమునకు గాలిత్రోవయే ప్రాణమని ఇంతకంటె గట్టిగా ఎవరు చెప్పగలరు!

1989లో కమ్మిన్స్ వారి 5.9 లీటర్ల ఇంజను డాడ్జ్ పికప్పులోనికి వచ్చినది. ఒక టర్బో, 160 అశ్వశక్తులు, అంతే. గృహస్థుడు నూనె హెచ్చించుకొను ముచ్చట ఆ తరము బండ్లతోనే బలపడినది. నూనె పెంచినవారికి పెద్ద టర్బో కావలెననిపించుటయు సహజమే. కాని పెద్ద చక్రము తిరుగుటకు మొరాయించును. మన రైలుమార్గములపై 1962 నుండి తిరిగిన డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజనులను కాజీపేటలోనో గుత్తిలోనో చూచినవారికి ఇది క్రొత్త కాదు: డ్రైవరు నూనె హెచ్చింపగానే ఆకాశము నల్లబడును, టర్బో వేగము పుంజుకొన్న పిదప పొగ పలుచబడును. ట్రెయిలరు తగిలించుకొని చౌరస్తాలో కదలువానికి ఆ జాగు పెద్ద చిక్కు. చిన్న టర్బో వెంటనే లేచును, ఎగువలో ఊపిరాడక వేడెక్కును. ఈ చిక్కును విప్పుటకే చిన్నదానికి వెనుక పెద్దదానిని జతచేసిరి.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన ఘట్టము. ఫోర్డు సంస్థ 2008 నమూనా పికప్పులలో 6.4 లీటర్ల ఇంజనుకు రెండు టర్బోలను వరుసగా అమర్చి 350 అశ్వశక్తులు పొందినది. అంతటి సంస్థయే జంటను ఎన్నుకొనెను గదా, ఇక సందేహమేల అని పలువురు తలచిరి. కాని 2011 నమూనాకు అదే సంస్థ 6.7 లీటర్ల క్రొత్త ఇంజనుతో ఒంటి టర్బోకు మరలినది. అందు గాలి త్రోయు చక్రము మాత్రము జోడు. 2015లో ఆ జోడును కూడ మాని, పెద్దదైన ఒకే టర్బోతో 440 అశ్వశక్తుల నిచ్చినది. ఇంజను కొంత పెద్దదనియు, నూనె చిమ్ము విధము మెరుగైనదనియు ఒప్పుకొనవలసినదే. అయినను జంటతో 350, ఒంటితో 440 అను లెక్క ఆలోచింపదగినది.

ఇది సాధ్యమైనది కదలు రెక్కల టర్బోవలన. కాలువ తూము తలుపు కొంచెమే ఎత్తినచో నీరు బాణమువలె దూకును. పూర్తిగా ఎత్తినచో నిండుగా పారును. అట్లే చక్రము చుట్టునున్న రెక్కలు మూసికొన్నపుడు అది చిన్న టర్బోవలెను, తెరచుకొన్నపుడు పెద్ద టర్బోవలెను పనిచేయును. పైగా దిగుడులో ఆ రెక్కలను మూసి ఇంజనునే బ్రేకుగా వాడుకొనవచ్చును. కమ్మిన్స్ వారు 2007లో 6.7 లీటర్ల పికప్ ఇంజనులో ఈ సదుపాయము కల్పించిరి. జంటను అమర్చు ఉత్సాహములో ఆ రెక్కల టర్బోను తీసి పారవేసినవాడు బ్రేకును కూడ పారవేసినట్లే. దానినే చిన్న టర్బోగా నిలుపుకొన్నచో ఆ నష్టము లేదు.

కావున కొద్దిపాటి మార్పులతో బరువు లాగు బండికి, సరిగా కుదిరిన ఒంటి టర్బో చాలునని మేము తలచుచున్నాము. జంటతో గొట్టములు, కీళ్లు, వాయువు కారు తావులు ఇబ్బడి యగును. ఒత్తిడి పెరిగినకొలది సిలిండరు మూతను పట్టియుంచు బోల్టులకును పరీక్షయే. నూనె బాగుగా హెచ్చించి, మిక్కిలి బరువుతో తరచు ఎత్తైన కనుమలు ఎక్కువాని సంగతి వేరు. అదే కొలరాడోలో ఐసెన్‌హోవర్ సొరంగము 11,000 అడుగులకు పైన ఉన్నది. అచ్చట గాలి ఒత్తిడి సముద్రమట్టమున ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. అట్టి త్రోవవానికి గుణకారము అక్కరకు వచ్చును. తక్కినవారు ముందుగా టర్బోకు ఎదుట వాయువుల వేడిని చూపు ముల్లును పెట్టించుకొని, తమ ట్రెయిలరుతో తమ ఎగువను ఒకమారు ఎక్కి చూడవలెను. ఎగువ ముగియువరకు ముల్లు 700 డిగ్రీల సెంటిగ్రేడుకు లోపల నిలిచినచో రెండవ టర్బోకు పెట్టు సొమ్ము ట్రెయిలరు బ్రేకులకు పెట్టవచ్చును.