సీసపు రేకులలోని గొంతులు

శిథిలాలను చూచినప్పుడు మన దృష్టి సహజంగా స్తంభాల మీదికీ శిల్పాల మీదికీ పోతుంది. కట్టించినవారి ఘనత వాటిలో కనిపిస్తుంది. వాడుకున్నవారి మాట వినిపించదు. ఇంగ్లండులోని బాత్ నగరంలో బయల్పడిన రోమన్ స్నానశాల ఇందుకు అరుదైన మినహాయింపు.

క్రీ. శ. మొదటి శతాబ్దిలో బ్రిటన్‌ను జయించిన రోమనులు అక్కడి వేడినీటి ఊట చెంత స్నానవాటికలు, ఆవిరిగదులు, దేవాలయం నిర్మించారు. రోజుకు పదిలక్షల లీటర్లకు మించి, దాదాపు 46 డిగ్రీల వేడిమి గల నీరు నేటికీ అందులో ఉబుకుతూనే ఉన్నది. ఆ ఊటకు స్థానికుల దేవత సూలిస్. ఆమెను తమ జ్ఞానదేవత మినర్వాతో కలిపి, రోమనులు సూలిస్ మినర్వాగా కొలిచారు.

1727లో మురుగుకాలువ త్రవ్వుతున్న పనివారికి బంగారుపూత గల మినర్వా కంచుశిరస్సు దొరికింది. 1790లో ఆలయ ముఖభాగపు శిల్పాలు బయటపడినవి. 1880 ప్రాంతంలో మేజర్ చార్లెస్ డేవిస్ అడుగున సీసపు రేకులు పరచిన పెద్ద స్నానతటాకాన్ని వెలికితీయించాడు. ఇవన్నీ వైభవానికి సాక్ష్యాలు. సామాన్యుని పలుకు చాలవరకు ఊట అడుగుననే ఉండిపోయింది.

1979-80లో బారీ కన్‌లిఫ్ ఆధ్వర్యాన ఆ ఊటను త్రవ్వినప్పుడు వేలకొలది నాణేలతో పాటు, సీసమూ తగరమూ కలిసిన పలుచని రేకులు లభించినవి. అటువంటివి అక్కడ దొరికినవి మొత్తం సుమారు 130. రోజర్ టామ్లిన్ వాటిని చదివి 1988లో ప్రకటించాడు. వాటిలో ఎక్కువ భాగం వస్తువులు పోగొట్టుకున్నవారు దేవతకు పెట్టుకున్న మొరలు. డోసిమెడిస్ అనేవాడు రెండు చేతితొడుగులు పోగొట్టుకొని, దొంగకు మతి పోవాలని, కళ్ళు పోవాలని శపించాడు. మరొకడు తన పైవస్త్రం ఎత్తుకుపోయినవానికి నిద్రా సంతానమూ దక్కరాదన్నాడు. దొంగ ఎవరో తెలియదు కనుక, స్త్రీయో పురుషుడో, బానిసో స్వతంత్రుడో, ఎవరైనా సరే శాపం తగలాలని వ్రాసుకున్నారు. ఒక రేకులో క్రైస్తవుడో, అన్యమతస్థుడో అని కూడ ఉన్నది. పోయినది ఒక పైవస్త్రమే. దానిని వెదకే మాటలలో ఆ సమాజంలోని తారతమ్యాలన్నీ నమోదయినవి.

సాహిత్యపరుడు గమనించవలసిన సంగతి ఇంకొకటి. ఈ రేకులలో దాదాపు ఒక్కొక్కటి ఒక్కొక్క చేతివ్రాత. లాటిన్ వ్యాకరణం రెండు అనే అర్థంలో ‘దువో’ అంటుంది. డోసిమెడిస్ మొరలో ఉన్నది ‘దువా’. పండితుడు దానిని అపశబ్దమంటాడు. కాని ఆనాటి జనం నోట నిజంగా ఆడిన లాటిన్‌కు జాడలు ఇటువంటి అపశబ్దాలలోనే దొరుకుతున్నవి. గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని ఎరిగిన తెలుగు రచయితలకు ఈ విషయం విశదీకరించి చెప్పనక్కరలేదు. అన్నిటికంటె హృదయాన్ని తాకేవి అక్షరాలే లేని కొన్ని రేకులు. వాటి మీద ఉన్నవి వ్రాతను అనుకరించిన గీతలు మాత్రమే. వ్రాయనేరనివాడు సైతం తన బాధ లిపిరూపం దాల్చితేనే దేవత ఆలకిస్తుందని నమ్మినట్లున్నాడు.

2014లో ఈ రేకులను యునెస్కో ప్రపంచ స్మృతి కార్యక్రమపు బ్రిటన్ పట్టికలో చేర్చారు. వీటిని వ్రాసినవారిలో ఒక్కడైనా కవి అనిపించుకోలేదు. ఐనా ఆ కాలపు భాషాచరిత్రను వ్రాయబూనినవాడు, కావ్యాలను ఎంత శ్రద్ధగా చదువుతాడో, చేతితొడుగుల కోసం మొరపెట్టుకున్న ఈ మనిషిని కూడ అంత శ్రద్ధగానూ చదువవలసి ఉంటుంది.