సారు మంచోడైతే చాలునా?

"మా సారు మంచోడు, మనకేం ఢోకా లేదు." దళిత ఉద్యోగుల నోట మేము తరచూ వినే మాట ఇది. ఈ భరోసా ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే బరోడా చరిత్రలోకి పోవాలి.

1917 సెప్టెంబరులో అంబేద్కర్ బరోడా సంస్థానం కొలువులో చేరారు. అప్పటికే కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన మనిషి. కొలంబియా చదువుకు స్కాలర్‌షిప్ ఇచ్చింది మహారాజు శాయాజీరావు గైక్వాడే. చదువయ్యాక పదేళ్ళు సంస్థానంలో పనిచేయాలన్నది ఒప్పందం. అంటరాని పిల్లలకు బడులు పెట్టించిన రాజు ఆయన. అంతకంటే మంచి పైఅధికారి ఎవరికి దొరుకుతాడు?

ఆఫీసులో జరిగింది మాత్రం వేరు. బంట్రోతులు ఫైళ్ళు చేతికివ్వకుండా దూరం నుంచి విసిరేవాళ్ళు. తాగడానికి నీళ్ళు దొరికేవి కావు. హోదాలో కిందివాడు కులంలో పైవాడు గనక ఇది సాగింది. పార్సీ పేరుతో సత్రంలో తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలతో వచ్చి ఖాళీ చేయమన్నారు. మహారాజుకు మొరపెట్టుకుంటే సంగతి దివాను దాకా పోయింది, ఆయన చేతులెత్తేశాడు. అంబేద్కర్ బొంబాయి రైలెక్కారు. రాజుగారి దయ గద్దె దగ్గరే ఆగిపోయింది. గుమాస్తా బల్ల దగ్గర కులమే పెత్తనం చేసింది.

పాతికేళ్ళ తర్వాత, 1942 జూలైలో, అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ సభ్యుడయ్యారు. అధికారం చేతికొచ్చాక ఆయన దయ చూపమని ఎవర్నీ అడగలేదు. కొలువుల్లో వాటా కావాలంటూ వైస్రాయికి విజ్ఞాపన పత్రం ఇచ్చారు. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం రిజర్వేషన్ వచ్చింది. 1946లో అది 12.5 శాతమైంది. తర్వాత రాజ్యాంగంలో 16(4) అధికరణంగా నిలబడింది.

అలాగని మంచి అధికారి అక్కర్లేదని మేము అనడం లేదు. తెలుగు నేలమీద ఎస్.ఆర్. శంకరన్ (1934-2010) వంటివారు ఉన్నారు. ఆయన పేదల పట్ల జాలితో సరిపెట్టుకోలేదు, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని పనిలో పెట్టడానికి పూనుకున్నారు. నీతిగల నాయకత్వం అంటే మా దృష్టిలో అదే.

ఆఫీసు రాజకీయం నేడు ఫైలు విసరక్కర్లేదు. రహస్య నివేదికలో "బాగుంది" అని ఒక్క మాట రాస్తే చాలు, "చాలా బాగుంది" అడిగే ప్రమోషన్ తప్పిపోతుంది. అలాంటి కేసులోనే 2008లో సుప్రీంకోర్టు, నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలపాలని దేవ్ దత్ తీర్పులో చెప్పింది. ప్రమోషన్లలో రిజర్వేషన్ కుదరదని 1992లో అదే కోర్టు అన్నాక, 1995లో 77వ సవరణ దాన్ని నిలబెట్టింది.

సారు మంచోడే కావచ్చు, రేపు బదిలీ అయిపోతాడు. రోస్టర్ రిజిస్టరు మాత్రం ఆఫీసులోనే ఉంటుంది. మనవాళ్ళు ముందు దాన్ని తెరిపించి చూడాలి.