బొడ్డు చుట్టూ పదునాలుగు సూదులు

హైదరాబాదు చిక్కడపల్లిలోగాని అశోక్‌నగర్‌లోగాని గాంధీనగర్ సందులలోగాని ఎవరినైన కుక్క కరచినయెడల, గాయమునకు నీళ్లు తగులుటకు మున్నే ఇంటిల్లిపాది నోట వెలువడు మాట ‘నారాయణగూడకు తీస్కపోండ్రి’ అనునదే. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అను, అచ్చట కుక్కకాటు సూదులు వేయు సంస్థ పూర్తి పేరు పలుకువారు అరుదు, ఐపీఎం అన్న చాలును, ఆటోవాడు కారణమడుగక బండి త్రిప్పును. మొన్న మా వీథిలోని వృద్ధులొకరు మనుమని అచ్చటికి కొనిపోయి వచ్చి, తేదీలు వ్రాసిన చీటీని నా చేతబెట్టి, ‘మా చిన్నప్పుడు బొడ్డు సుట్టూ దినానికొకటి పద్నాలుగు పొడిసిన్రు సారూ, గిప్పుడు భుజానికిచ్చి నాలుగుసార్లొస్తే చాలంటున్నరు. ఏడు దినాలకే అయిపోతదని యాడనో సదివిన్నని మా కోడలంటది. పూటకో మాట జెప్తే ఏది నమ్మాలె?’ అని యడిగిరి. ఆ కంఠమున హేళన లేదు. ఎనిమిదేండ్ల బాలుడుగా గోడవైపు మొగము త్రిప్పుకొని, నిన్నటి సూది వాపు తీయకమునుపే నేటి సూదికి చొక్కా యెత్తిన నాటి నొప్పి యున్నది. ఆ నొప్పి యేల కలిగెనో, ఏల తొలగెనో చెప్పుట మన విధి యని నాకు తోచినది.

పిచ్చికుక్క కాటు మృత్యువునకు దారితీయునని మనవారు ప్రాచీనకాలమందే ఎరుగుదురు. సుశ్రుతుడు కల్పస్థానమున ఈ విషమును వర్ణించి, కాటుచోట రక్తము స్రవింపజేసి కాగిన నేతితో కాల్చవలెనని విధించి, నీటిని చూచి భయపడు లక్షణము పొడసూపినవాడు బ్రదుకడని నిర్మొగమాటముగా చెప్పెను. ఇన్ని శతాబ్దములు గడచినను ఆ కడపటి మాట నేటికిని దాదాపు అక్షరసత్యమే; మారినదెల్ల ఆ లక్షణము పొడసూపకుండ జేయు ఉపాయము.

1885 జూలై 6వ తేదీన పారిస్‌లో పాశ్చరు, తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరుకు చికిత్స నారంభించి మొత్తము 13 సూదులు వేయించినప్పుడు, రోగము సోకిన కుందేటి వెన్నుపామును ఎండనిచ్చి రోగబీజమును బలహీనపరచి, మిక్కిలి ఎండినదానితో మొదలిడి దినదినము తాజాదానివైపు సాగెను. ఆ బీజమును కంటితో చూడకయే ఆయన ఆ బాలుని రక్షించెను. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్, బీజము బ్రదికి యుండనక్కరలేదు, కార్బాలిక్ ఆమ్లముతో చంపినదైనను చాలునని చూపి, రోగము సోకించిన గొఱ్ఱె మెదడును నూరి చేసిన మందును ప్రవేశపెట్టెను. అది చౌక, తయారీ సులువు, కనుక దేశమెల్ల వ్యాపించెను. అయితే మెదడు ముద్దలో బీజము పాలు స్వల్పమగుటచే మందు విస్తారముగా పోయవలసి వచ్చెను: తీవ్రమైన కాటునకు దినమునకు 5 మిల్లీలీటర్ల చొప్పున 14 దినములు. అంత ద్రవము చర్మము క్రింద ఇముడవలెనన్న విశాలమైన చోటు కావలెను, అది పొట్ట. బొడ్డునకు వేరే మహిమ యేదియు లేదు. ఒకనాడు కుడిప్రక్క, మరునాడు ఎడమప్రక్క, వాచినచోటు విడిచి వేరొకచోట, అట్లు సూది చుట్టి వచ్చెడిది.

ఆ మెదడు ముద్దలోనే ముప్పును దాగియుండెను. నరములపై పొరవలె నుండు మైలిన్ అను పదార్థము మందుతోపాటు శరీరమున ప్రవేశింపగా, వేలమందిలో ఏ యొక్కరికో శరీరరక్షణశక్తియే స్వనాడులపై తిరుగబడి కాళ్లు చచ్చుబడెడివి. కుక్క కరచినందులకు గాక మందు వేసికొన్నందులకు మంచము పట్టుట! 1933లో అమెరికాలో టామస్ రివర్స్ బృందము, రోగములేని మెదడునే కోతులకు మాటిమాటికి ఎక్కించి అట్టి పక్షవాతమును కలిగించి, దోషము రోగబీజముది కాదు, మెదడుదని చూపెను.

మెదడు లేని మందు కావలెనన్న, జీవకణములను గాజుపాత్రలలో పెంచి వానియందు బీజమును సాకు విద్య అలవడవలెను. అది అలవడుటకు దశాబ్దములు పట్టెను. 1976లో ప్రకటితమైన ఇరాన్ పరిశీలనలో, పిచ్చికుక్కలును తోడేళ్లును కరచిన 45 మందికి అట్టి కొత్తమందు వేయగా అందరును బ్రదికిరి. 1984లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మెదడుమందును మానుడని గట్టిగా చెప్పెను. మన దేశమున దాని తయారీ ఆగినది 2004 డిసెంబరులో. ఈ రెంటి నడుమ ఇరువదియేండ్లు! శాస్త్రము పూటకొకమాట చెప్పునని కోపించువారితో నేను ఈ యొకచోట ఏకీభవింపజాలను: ఇచ్చట మాట మారినది తొందరగా కాదు, మిక్కిలి ఆలస్యముగా. సిద్ధాంతము మారియు సీసా మారకున్నందున, ఆ యిరువదియేండ్లలో ఎందరు పిల్లల పొట్టలు వాచెనో తలచిన కడుపు తరుగుకొనిపోవును.

ఆ జాప్యమునకు ధర యొక కారణము, కొత్తమందు ఖరీదైనది. 2006లో భారత ఔషధ నియంత్రణాధికారి, చర్మపు పొరలోనికే ఒక్కొక్కచోట 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు భుజములకు వేయుటకు అనుమతింపగా, ఒక్క సీసా పలువురికి చాలినది. మనుమని భుజముపై చిన్న పొక్కు లేచి కొంతసేపటికి అణగుట చూచి ఆ పెద్దాయన ‘గింతేనా’ అనుకొనిరట. ఆ పొక్కు లేచుటయే మందు సరియైన పొరలో దిగినదనుటకు గుర్తు. మొదటి సూదినాటిని సున్నగా లెక్కించినచో, కండలో వేయునపుడు 0, 3, 7, 14, 28వ దినములు. చర్మమున వేయునపుడు 0, 3, 7, 28. 2018లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఏడవదినముతో ముగియు క్రమమును సూచించినను, మరుసటియేడు వెలువడిన మన జాతీయ మార్గదర్శకములు 28వ దినపు సూదిని విడువలేదు. కోడలు చదివినదియు అబద్ధము కాదు, చీటీపై వ్రాసినదియు అబద్ధము కాదు. గాయము సంగతికి వచ్చినచో, నేతితో కాల్చుమన్న మాటయు, ఆమ్లముతో కాల్చిన దొరలకాలపు పద్ధతియు పోయి, సబ్బునీటి ధారతో పదునైదు నిమిషములు కడుగుమను మాట నిలిచినది. ఆ పెద్దాయన యింట మాత్రము గాయమునకు మొదట రాచినది పసుపు, సున్నము.

ఇదంతయు విని ఆయన, ‘నాకు పొడిసినప్పుడు గీ సంగతి ఒక్కరన్న జెప్పిన్రా?’ అనిరి. ఎవరును చెప్పియుండరు. చీటీని మడచి జేబులో నుంచుకొని, ఇరువదియెనిమిదవ దినము ఏ వారమగునో వ్రేళ్లపై లెక్కించుచు ఇంటివైపు నడచిరి.