పంటి వేరు - దేహరోగములు

పుచ్చిన పన్ను దేహమునంతను చెరచునా? ఇరువదవ శతాబ్ది తొలి భాగమున పాశ్చాత్య వైద్యులను పట్టి పీడించిన ప్రశ్న ఇది. దేహములోని జబ్బు పంటి వేరును ఏమి చేయునో విచారించుటకు మాత్రము చాల ఆలస్యమయినది. ఈలోగా లెక్కలేనన్ని పళ్లు ఊడబెరుకబడినవి.

నోటిలోని సూక్ష్మజీవులను గూర్చి 1890 లో గ్రంథము వెలువరించిన విల్లోబీ మిల్లరు బెర్లినులో పనిచేసిన అమెరికను దంతవైద్యుడు. నోటినుండి రోగము ఇతర అవయవములకు ప్రాకవచ్చునని ఆయన మరుసటి యేడు సూచించినాడు. అయినను పళ్లు పెరుకుమనలేదు. వేరు లోపలి నాళమును శుభ్రపరచి పూడ్చుటయే మేలన్నాడు. ఆ మాట ఎవరికిని పట్టలేదు. లండను వైద్యుడు విలియం హంటరు 1910 లో మాంట్రియలులో ఉపన్యసించుచు, కుళ్లిన వేళ్లపై బంగారు తొడుగులు వేయు పద్ధతిని దుయ్యబట్టినాడు. దేహములో ఒకచోట దాగిన చీము కీళ్లవాతమును, గుండెజబ్బును తెచ్చునని షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ బోధించినాడు. నాళము పూడ్చిన పళ్లను కుందేళ్ల చర్మము క్రింద అమర్చగా, రోగికున్న జబ్బులే వానికిని వచ్చినవని 1923 లో వెస్టన్ ప్రైసు ప్రకటించినాడు. ట్రెంటను పట్టణపు పిచ్చాసుపత్రిలో హెన్రీ కాటను మతి చలించినవారి పళ్లు పెరికించినాడు. ఫలితము లేనప్పుడు ప్రేగులను కూడ కోయించినాడు. ఎందరో మరణించినారు.

సిద్ధాంతము పూర్తిగ అబద్ధము కాదు. నోటి సూక్ష్మజీవులు రక్తములో చేరి, దెబ్బతిన్న గుండె కవాటములను పట్టుట నిజమే. కాని 1938 లో సెసిల్, ఏంజివైన్ అను వైద్యులు 200 మంది కీళ్లవాత రోగులను పరిశీలించగా, పళ్లు, టాన్సిళ్లు తీయించుకొన్నవారిలో పెక్కురకు ఏ గుణమును కనిపించలేదు. ప్రైసు ప్రయోగములలో సరియైన పోలిక లేదనియు తేలినది.

అప్పటికి గాని ప్రశ్న తిరుగబడలేదు. అదుపు తప్పిన మధుమేహమున్న వారికి నాళచికిత్స తరువాతను వేరు కొనయందలి పుండు మానక పెరుగుచున్నదని 1963 లో బెండరు, ఆయన సహచరులు వ్రాసినారు. నాళమును పూడ్చుటతో వైద్యుని పని ముగియును. కరిగిన ఎముకను తిరిగి కట్టవలసినది దేహమే. రక్తములో చక్కెర మితిమీరినచో తెల్లకణములు సూక్ష్మజీవులను చక్కగ మ్రింగలేవు, సన్నని రక్తనాళములు చెడును, ఎముక పూడుట మందగించును. చికిత్సకు ముందే వేరు కొన చెంత పుండున్న మధుమేహ రోగులలో ఫలితము తక్కువని 2003 లో ఫవాద్, బర్లిసన్‌ల పరిశీలన చూపినది. పుండు లేనివారికి అంత భయము లేదు.

ఆ 2003 లోనే మరొక వింత బయటపడినది. కాన్సరు ఎముకకు ప్రాకినవారికి ఇచ్చు కొన్ని మందుల వలన, పన్ను పెరికినచోట దవడ ఎముక మానక చచ్చుచున్నదట! అట్టి రోగులకు పన్ను పెరుకక, సాధ్యమయినంతవరకు నాళచికిత్సయే చేయవలెనని నేటి దంతవైద్యులు చెప్పుచున్నారు.