నడిమి వరుస నాయకురాలు: గిజ్లాన్ షెబ్బాక్

రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానము వినుచున్నప్పుడు, గోలు పడిన క్షణమున వ్యాఖ్యాత కంఠము ఒక్కసారిగా పైకి లేచును. గోలు కొట్టినవారి పేరు ఇంటిల్లిపాదికి గుర్తుండిపోవును. ఆ బంతిని అంతవరకు తెచ్చి అందించినవారి పేరు మరునాటికి మరచిపోవుదుము. మైదానపు నడిమి భాగమున ఆడువారి పని అట్టిది. వెనుకనున్నవారి నుండి బంతిని అందుకొనుట, ఎదిరి జట్టు వేగమును నిలుపుట, ముందున్నవారికి దారి కల్పించుట వారి విద్య. మొరాకో మహిళాజట్టులో ఈ స్థానమున చిరకాలము ఆడి, ఆ జట్టునకు నాయకురాలైన గిజ్లాన్ షెబ్బాక్ చరిత్రను నేడు మనము తెలిసికొందము. తన దేశపు మహిళాక్రీడా చరిత్రలో సైతము ఆమెది నడిమి స్థానమే. ఏమియు లేని తరమునకును, అన్నియు అమరుచున్న తరమునకును నడుమ ఆమె నిలిచినది.

గిజ్లాన్ 1990వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన కాసాబ్లాంకాలో జన్మించినది. అట్లాంటిక్ తీరమున నున్న ఈ రేవుపట్టణము మొరాకోలోకెల్ల పెద్ద నగరము. విదాద్, రజా అను రెండు క్రీడాసంఘములు తలపడునాడు ఆ నగరమంతయు రెండుగా చీలిపోవును. గిజ్లాన్ తండ్రి లార్బీ షెబ్బాక్ స్వయముగా పేరుపొందిన ఆటగాడు. దేశపు జట్టు తరఫున ఆడినవాడు. కనుక ఆట ఆమెకు ఇంటి విద్యయే. అయితే తండ్రికి తెరచియున్న ద్వారములు కుమార్తెకు తెరచి లేవు. ఆమె తొలి మైదానము వీధి. తొలి జోడు మగపిల్లలు.

ఇచట ఒక లెక్క చెప్పవలసియున్నది. ఆఫ్రికా ఖండపు మహిళల పోటీలో మొరాకో 1998లోను, 2000లోను పాల్గొన్నది. ఆ తరువాత మరల ఆ పోటీలో అడుగిడినది 2022లో. నడుమ గడచినవి ఇరువదిరెండు సంవత్సరములు. 2000లో గిజ్లాన్ పదియేండ్ల బాలిక. 2022 నాటికి ముప్పదిరెండవ యేట నున్న స్త్రీ. క్రీడాకారుల కాళ్లలో బలము నిండుగా నుండు వయస్సంతయు ఆ శూన్యకాలముననే గడచిపోయినది. అదే ప్రతిభ మరియొక దేశమున పుట్టినచో ఇరువదవ యేటనే లోకమెరిగి యుండెడిది.

ఆ కాలమున ఆమె చేసిన పని ఒక్కటే: ఆట మానకుండుట. స్వదేశపు సంఘములలోను, కొంతకాలము ఈజిప్టులోను ఆడినది. పిదప రబాత్ నగరమున సైన్యమునకు చెందిన ప్రసిద్ధ క్రీడాసంఘమున చేరి, దేశపు విజేతల బిరుదులు పలుమారులు గెలుచుకొన్నది. దేశములో గెలుపున్నను, దేశపు జట్టునకు వేదిక లేదు.

2020లో మార్పు వచ్చినది. ఫౌజీ లెక్జా అధ్యక్షతన మొరాకో ఫుట్‌బాల్ సమాఖ్య మహిళల పోటీలను వృత్తి ప్రాతిపదికపై నడుపుటకు పూనుకొన్నది. ఫ్రాన్సులోని లియోన్ మహిళాజట్టును ఐరోపా విజేతగా నిలిపిన రేనాల్డ్ పెద్రోస్‌ను శిక్షకుడుగా నియమించినది. ఆ సంవత్సరముననే గిజ్లాన్ తండ్రి కన్నుమూసినాడు. కూతురు అందుకొనబోవు గౌరవములను చూచు భాగ్యము ఆయనకు లేకపోయినది.

2022 జూలైలో ఆఫ్రికా పోటీ మొరాకో గడ్డపైననే జరిగినది. బుర్కీనా ఫాసోతో జరిగిన మొదటి ఆటలో గెలుపు గోలు గిజ్లాన్ ఫ్రీ కిక్కు వలన లభించినదే. సెమీఫైనలులో, ఈ పోటీలో ఎదురులేనిదని పేరుపొందిన నైజీరియాను పెనాల్టీలపై ఓడించినారు. జూలై 23వ తేదీన రబాత్‌లో తుది పోటీ. క్రీడాంగణము క్రిక్కిరిసినది. కాని దక్షిణాఫ్రికా 2-1తో గెలిచినది. పోటీ మొత్తమునకు ఉత్తమ క్రీడాకారిణి బహుమతి గిజ్లాన్‌కే లభించినది. ఆ సంవత్సరము నవంబరులో ఆమె సంఘము ఆఫ్రికా సంఘముల మధ్య జరిగిన పోటీలో సండౌన్స్ జట్టును 4-0తో ఓడించి విజేత యైనది.

ఆ విజయపరంపర మొరాకోకు 2023 ప్రపంచకప్పులో స్థానము తెచ్చిపెట్టినది. మహిళల ప్రపంచకప్పులో ఆడిన మొదటి అరబ్బు దేశ మదియే. మెల్బోర్నులో తొలి ఆటలో జర్మనీ చేతిలో 0-6తో ఓడిపోయినారు. అంతటి ఓటమి తరువాత జట్టును నిలబెట్టుట నాయకురాలికి పరీక్ష. ఆరు దినములకు దక్షిణ కొరియాను 1-0తో గెలిచినారు. ఆగస్టు 3వ తేదీన పెర్తులో కొలంబియాతో మూడవ ఆట. మొదటి సగము ముగియు వేళ పెనాల్టీ దొరకినది. గిజ్లాన్ తన్నినది, గోలుకీపరు ఆపినది. వెనుకకు వచ్చిన బంతిని అనీసా లహ్మారీ గోలులోనికి పంపినది. అప్పటికి గెలుపు దక్కినను, తదుపరి దశకు చేరుట ఖండాంతరపు ఆవలి కొసన బ్రిస్బేన్‌లో జరుగుచున్న జర్మనీ, కొరియాల ఆటపై ఆధారపడినది. ఆట ముగించిన మొరాకో వనితలు మైదానము నడుమ గుమిగూడి, ఒక చిన్న ఫోనును చుట్టుముట్టి ఫలితమునకై ఎదురుచూచినారు. దూరపు మైదానపు వార్తకై యంత్రమునకు చెవియొగ్గి కూర్చున్న అనుభవము మనకు క్రొత్తది కాదు. ఆ నిమిషముల బరువు మన శ్రోతలు ఎరుగుదురు. ఆ ఆట 1-1తో ముగిసినది. రెండుసార్లు ప్రపంచవిజేత యైన జర్మనీ ఇంటిదారి పట్టినది. మొరాకో ముందుకు సాగినది. తరువాతి ఆటలో ఫ్రాన్సు 4-0తో ఓడించినను, ఆ నాటి కన్నీటిలోని ఆనందము చెరగలేదు.

2025 జూలైలో ఆఫ్రికా పోటీ మరల మొరాకోలో జరిగినది. ముప్పదిఐదవ యేటికి చేరువైన గిజ్లాన్ అయిదు గోల్స్ చేసి అందరికంటె ముందు నిలిచినది. కాంగోతో జరిగిన ఒక్క ఆటలోనే మూడు. తుది పోటీలో నైజీరియాపై మొదటి గోలు ఆమెదే. మొరాకో 2-0 ఆధిక్యమున నున్నది. కప్పు చేతికి అందినట్లే తోచినది. అంతలో నైజీరియా వరుసగా మూడు గోల్స్ చేసి 3-2తో గెలిచినది. స్వజనుల యెదుట, రబాత్ నగరముననే, తుది మెట్టుపై రెండవ ఓటమి! ఆ యేడు నవంబరులో ఆఫ్రికా ఖండపు ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెను ఎన్నుకొన్నారు. ఖండపు కప్పును దేశమునకు తేవలెనన్న కోరిక మాత్రము ఆ యేడును తీరలేదు.

ఆ కప్పు లేని జీవితమును విఫలమనవలెనా? సమాధానము మనకు చేరువలోనే దొరకును. 2022 అక్టోబరులో పదునేడేండ్ల లోపు బాలికల ప్రపంచకప్పు మన దేశమున జరిగినది. రబాత్ తుది పోటీ ముగిసి అప్పటికి మూడు మాసములు నిండలేదు. మన పొరుగున భువనేశ్వరములో మొరాకో బాలికలు మన బాలికలను 3-0తో ఓడించినారు. ఆ వయస్సున గిజ్లాన్‌కు ప్రపంచకప్పు ఊహకైన అందని వస్తువు. ఈ బాలికలకు అది పయనించి చేరుకొనదగిన ఊరు.

మనము ఆ దినమున ఓడితిమి. అయినను ఆ ఓటమిలో మనకొక పాఠమున్నది. బాలికల ఆట ఒక్క రాత్రిలో పెరుగదు. పోటీలు, శిక్షకులు, జీతములు, అన్నిటికంటె మిన్నగా ఏమియు లేని దినములలోను మైదానము విడువని ఒక అక్క కావలెను. నడిమి వరుసలో నిలిచి బంతిని ముందుకు అందించుట గిజ్లాన్ వృత్తి. ఆమె అందించిన బంతి ఇప్పుడు చిన్నవారి కాళ్ల చెంత నున్నది.