పక్క తడిపే పిల్లలు, పరుపుల చరిత్ర

2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటి పలికిన కోకాపేటలో, మా పద్దెనిమిదో అంతస్తులో, తడిసిన పరుపు ఆరేసుకోవడానికి జానెడు ఎండ లేదు. బాల్కనీ రెయిలింగు మీద ఏమీ వేయకూడదని అసోసియేషన్ రూలు. ఐదున్నరేళ్ల మా వాడు వారానికి నాలుగు రాత్రులు పక్క తడుపుతాడు. ఒకరోజు నేను లేచేసరికి, వాడొక్కడే దుప్పటి లాక్కెళ్లి వాషింగ్ మెషీన్లో కుక్కుతున్నాడు. ఈ సిగ్గు వీడికి ఎక్కణ్ణుంచి వచ్చిందా అనిపించింది.

మా అమ్మమ్మ ఊళ్లో నులక మంచాలు, పైన పాత చీరలతో కుట్టిన బొంతలు. తడిస్తే నులకలోంచి కిందికి కారిపోయేది. బొంత ఉతికి గోడ మీద వేస్తే మధ్యాహ్నానికి ఆరేది. వెక్కిరింపులు లేవని కాదు, మేనమామలు ఊరుకుంటారా! కానీ ఇంత కోపం ఉండేది కాదు. కోపం ఫోమ్ పరుపుతో పాటే ఇంట్లోకి వచ్చిందని నా అనుమానం.

సమస్య మాత్రం పాతదే. శార్ఙ్గధర సంహితలో పిల్లల రోగాల మధ్య 'శయ్యామూత్రం' ఉంది. ఇంగ్లండులో థామస్ ఫేయర్ 1545 నాటి పిల్లల వైద్య పుస్తకంలో దీనికో అధ్యాయమే రాశాడు. మందు? కోడిపుంజు గొంతు గొట్టం కాల్చిన పొడి! నయం, దెబ్బలు రాయలేదు. రచయిత జార్జ్ ఆర్వెల్‌ని 1911లో, ఎనిమిదేళ్లప్పుడు, హాస్టల్లో పక్క తడిపినందుకు కొట్టారు. అది తన చేతిలో లేని తప్పని పెద్దయ్యాక ఆయనే రాసుకున్నాడు.

నాకు బాగా నచ్చింది ఫౌండ్లర్ కథ. పిల్లల ఆసుపత్రిలో పక్క తడవగానే నర్సుకి తెలియాలని ఈ డాక్టరు ఒక గంట ఏర్పాటు చేశాడు. తడి తగిలితే మోగుతుంది, నర్సు వచ్చి గుడ్డ మారుస్తుంది, అంతే. కొన్నాళ్లకు చూస్తే కొందరు పిల్లలు తడపడమే మానేశారు. 1904లో ఆ సంగతి రాశాడు. అమెరికాలో మౌరర్ దంపతులు ఆ గంటనే 30 మంది పిల్లలకు వాడి, అందరికీ తగ్గిందని 1938లో ప్రకటించారు. ఇప్పుడు అమ్మే అలారాలు దాని మనవలే. రెండు మూడు నెలలు పడుతుంది, గంటకి ముందు లేవాల్సింది అమ్మే!

మా ఆయన వాణ్ణి గద్దిస్తుంటే అత్తయ్య వంటింట్లోంచి అన్నారు: "ఏరా, మూడో క్లాసుకొచ్చినా నీ బొంత రోజూ దండెం మీదే ఉండేది, మర్చిపోయావా?" ఆయన మొహం చూడాలి! 1995లో డెన్మార్క్ పరిశోధకులు కొన్ని కుటుంబాల్లో ఇది పదమూడో క్రోమోజోముతో ముడిపడి ఉందని చూపించారు. అత్తయ్యకి అంత దూరం పోనక్కర్లేకపోయింది.

డాక్టరుగారు ముందు మలబద్ధకం సంగతి అడిగారు. పగలు కూడా తడిపినా, మంట ఉన్నా, దాహం ఎక్కువైనా, ఆరు నెలలు పొడిగా ఉండి మళ్లీ మొదలైనా వెంటనే రమ్మన్నారు. అవేవీ లేవు. రబ్బరు షీటు కొన్నాం. అలారం ఏడేళ్లు వచ్చాక చూద్దాం.

నిన్న రాత్రి మళ్లీ తడిపాడు. దుప్పటి వాడూ నేనూ కలిసి తీశాం. వాళ్ల నాన్న ఏమీ అనకుండా షీటు తుడిచి ఫ్యాను కింద పరిచారు.