నిషిద్ధ గ్రంథములు - పాఠకుని హక్కు

గ్రంథనిషేధముల చరిత్రలో సాధారణముగా రెండు పక్షములే కనబడును: వ్రాసిన రచయిత, నిషేధించిన ప్రభుత్వము. మూడవ పక్షము పాఠకుడు. గ్రంథాలయపు బీరువాలో పుస్తకము లేకుండ పోయినపుడు నష్టపోవువాడు అతడే. ఐనను అతని అభిప్రాయమును అడిగినవారు చాలకాలము లేకపోయిరి.

1908లో కాన్పూరులోని 'జమానా' ముద్రణాలయము నుండి 'సోజె వతన్' అను ఉర్దూ కథాసంపుటి వెలువడెను. అందలి ఐదు కథలు దేశభక్తిభరితములు. రచయిత నవాబ్‌రాయ్, అది ధనపత్‌రాయ్ కలము పేరు. ఆయన ప్రభుత్వ విద్యాశాఖలో పాఠశాలలను తనిఖీ చేయు ఉద్యోగి. హమీర్‌పూర్ జిల్లాలో పనిచేయుచుండగా కలెక్టరు ఆయనను పిలిపించి, కథలలో రాజద్రోహము కలదని నిందించెను. ఆయన స్వయముగా చెప్పుకొన్న ప్రకారము 1,000 ప్రతులలో 300 అప్పటికే అమ్ముడుపోయెను. తక్కిన 700 అధికారుల పాలై దగ్ధమయ్యెను. ఇకపై ఏమి వ్రాసినను ముందుగా చూపవలెనని ఆజ్ఞ అయ్యెను. అప్పుడు 'జమానా' సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సూచనపై ఆయన క్రొత్త పేరు స్వీకరించెను. 1910 డిసెంబరులో 'బడే ఘర్ కీ బేటీ' ప్రేమ్‌చంద్ పేర వెలువడెను. రచయితకు మరియొక పేరు దొరకినది గాని, కాలిపోయిన ప్రతుల పాఠకులకు మరియొక ప్రతి దొరకలేదు.

తెలుగువారికి ఇట్టి అనుభవము ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' వలన కలిగెను. కారాగారమున రచింపబడి 1922లో ప్రకటితమైన ఈ నవలను మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. 1928లో కొన్ని మార్పులతో ప్రచురణకు అనుమతి లభించెను. 1936లో మరల నిషేధించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున పాఠ్యగ్రంథముగా నున్న దానిని తొలగింపజేసిరి. 1937లో రాజగోపాలాచారి ప్రభుత్వము వచ్చిన పిమ్మట ఆ నిషేధము తొలగెను. పదునైదేండ్లలో ఒకే నవలపై ఇన్ని తీర్పులు! విద్యార్థి ఏమి చదువవలెనో నిర్ణయించినది గురువు గాదు, మారుచుండిన పాలకుల వైఖరి.

నిషేధమును కోరువారు పరపాలకులు మాత్రమే కారు. 1932 డిసెంబరులో లక్నోలో సజ్జాద్ జహీర్, అహ్మద్ అలీ, రషీద్ జహాన్, మహ్మూదుజ్జఫర్ అనువారల ఉర్దూ రచనలు 'అంగారే' పేర వెలువడెను. మతాచారములను, స్త్రీల దుస్థితిని అవి నిస్సంకోచముగా విమర్శించినందున తీవ్రమైన నిరసన చెలరేగెను. 1933 మార్చిలో సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వము దానిని జప్తు చేసెను. స్వజనులు కోరిన పనిని పరప్రభుత్వము నెరవేర్చెను.

జప్తు అధికారము 1922లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 99-ఎ సెక్షనుగా చేరెను. స్వాతంత్ర్యముతో అది తొలగిపోలేదు. 1973 నాటి కోడ్‌లో 95వ సెక్షనై, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 98వ సెక్షనుగా కొనసాగుచున్నది. ఐతే ప్రభుత్వము తన అభిప్రాయమునకు కారణములు తెలుపవలెనని ఆ చట్టమే నిర్దేశించును. కారణములు తెలుపని ఒక జప్తు ఉత్తర్వును 1961లో సుప్రీంకోర్టు కొట్టివేసెను.

మరియొక ముఖ్యమైన తీర్పు 2010 నాటిది. శివాజీని గూర్చి జేమ్స్ లేన్ వ్రాసిన గ్రంథమును 2004లో మహారాష్ట్ర ప్రభుత్వము జప్తు చేయగా, దానిని ప్రశ్నించినవారు రచయితయు ప్రకాశకులును గాక, ముగ్గురు పౌరులు. 2007లో బొంబాయి హైకోర్టు జప్తును రద్దు చేసెను. 2010లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపెను. మూడవ పక్షము తుదకు న్యాయస్థానములో తన మాట చెప్పుకొనగలిగెను.

బాలుర వయస్సును బట్టి ఉపాధ్యాయుడు పుస్తకములను ఎన్నుకొనుట వేరు. ఎవరును చదువరాదని శాసించుట వేరు. మొదటిది విద్యలో భాగము. రెండవది విద్యపై అపనమ్మకము. చెడ్డ పుస్తకమును చదివి ఖండించుటయు పాఠకుని హక్కే. అతడు చదువకమునుపే దానిని దాచివేయువారు ఆ హక్కును గూడ హరించుచున్నారు.